మా తెలుగు తల్లికి మల్లెపూదండ

ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర గీతం. తిరుపతి కవి శంకరంబాడి సుందరాచారి (1914–1977) రచన. దీనికి పేరు తెచ్చింది సినిమా కాదు, సర్కారు ఉత్తర్వూ కాదు; టంగుటూరి సూర్యకుమారి పాడిన గ్రామఫోను రికార్డు.

1942లో వచ్చిన ‘దీనబంధు’ చిత్రం కోసం సుందరాచారి ఈ పాట రాశారు. పాటకు సినిమాలో చోటు దక్కలేదు. తరవాత సూర్యకుమారి గొంతులో ప్రైవేటు రికార్డుగా వెలువడి ఊరూరా మోగింది. అది నిమిషానికి డెబ్బై ఎనిమిది చుట్లు తిరిగే లక్క ప్లేట్ల కాలం. ప్లేటుకు ఒక వైపు మూడు నిమిషాలకు కాస్త అటూ ఇటూ పట్టేది. ఆ కొద్దిపాటి వ్యవధిలోనే సుందరాచారి నదులను, పంటలను, రుద్రమను, మల్లమ్మను, తిమ్మరుసును, త్యాగయ్యను, తిక్కనను ఇమిడ్చారు.

సూర్యకుమారి (1925–2005) టంగుటూరి ప్రకాశం పంతులు తమ్ముడు శ్రీరాములు కూతురు. 1939 నాటి ‘రైతుబిడ్డ’లో నటించారు. రికార్డు వచ్చేనాటికి తెలుగువాళ్ళు మద్రాసు, నైజాము ఏలుబడుల మధ్య చీలి ఉన్నారు. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడితే తొలి ముఖ్యమంత్రి ఆమె పెదనాన్నే. రాష్ట్రం కంటే పాటే ముందు పుట్టిందన్నమాట!

పాటలో కవి అమరావతి శిల్పాలను కూడా తలచారు. అక్కడున్నది బౌద్ధ స్తూపం. స్తూపం పలకల్లో కొంత భాగం లండన్ బ్రిటిష్ మ్యూజియం చేరింది. 1960ల నడుమ నుంచి సూర్యకుమారి కూడా ఆ నగరంలోనే స్థిరపడి, ఇండియా పెర్ఫార్మింగ్ ఆర్ట్స్ సంస్థను నడిపి, అక్కడే కన్నుమూశారు.

1975లో హైదరాబాదులో జరిగిన ప్రపంచ తెలుగు మహాసభల నాటికి ఇది రాష్ట్ర గీతంగా స్థిరపడింది. రాష్ట్ర విభజన తరవాత తెలంగాణ తన సొంత గీతాన్ని ఎంచుకుంది. 2010లో శేఖర్ కమ్ముల ‘లీడర్’ చిత్రంలో పాట మళ్ళీ సూర్యకుమారి గొంతుతోనే వినిపించింది. నేడు సభల్లో బృందాలు దీన్ని హడావిడిగా పాడి ముగిస్తున్నాయి. పిల్లలకు నేర్పేవారు ముందుగా ఆమె రికార్డు వినిపించాలి. తొందర లేని ఆ నడక, తేటగా పలికిన ప్రతి అక్షరం మరే రికార్డులోనూ లేవు.