పులిజూదం: మదనపల్లె, పుంగనూరు, కుప్పం సీమలో ఇద్దరి ఆట

పులిజూదం నేలమీద గీతలు గీసుకొని ఇద్దరు ఆడే ఆట. ఒకరివి 3 పులులు, ఇంకొకరివి 15 మేకలు. మేకలను తినడం పులుల పని. పులులు ఎటూ కదలలేకుండా కట్టేయడం మేకల పని. పులి–మేక, మేకాపులి అన్న పేర్లతో తెలుగు నేల అంతటా తెలిసిన ఈ ఆటను పాత చిత్తూరు జిల్లా పడమటి అంచున నిలబడి చూస్తే దాని చరిత్ర మరింత స్పష్టంగా అర్థమవుతుంది. మదనపల్లె నుంచి కొంతదూరం పడమటికి పోతే కన్నడ సీమ వస్తుంది. కుప్పం నుంచి ఒక పక్కకు పోతే కోలారు, ఇంకో పక్కకు పోతే కృష్ణగిరి. మూడు భాషలు ఒకే సంతలో వినిపించే ఈ మూలన ఒకే గీత, అవే 3 పులులు, అవే 15 మేకలు మూడు పేర్లతో బతికాయి. తమిళులకు అది ఆడు పులి ఆట్టం, కన్నడిగులకు ఆడు హులి ఆట. రాజుల అండ గానీ, నియమాల పుస్తకం గానీ, అమ్మే అంగడి గానీ లేని ఆట ఇంత దూరం ఎలా నడిచింది? దాని తేలికదనం వల్లే నడిచిందని ఈ వ్యాసం వాదం. ఆ తేలికదనం సామగ్రిలోనూ నియమాల్లోనూ ఉందే తప్ప ఆలోచనలో లేదు. పులిజూదాన్ని పిల్లల ఆటగా తీసిపారేసేవారు ఈ రెండింటినీ కలిపేసి చూస్తున్నారు.

ముందు గీత సంగతి. పైన ఒక కొన, దాని నుంచి కిందికి విచ్చుకునే నాలుగు కాళ్లు, ఆ కాళ్ల అడుగులను కలిపే ఒక అడ్డగీత. మధ్యలో ఇంకో మూడు అడ్డగీతలు నాలుగు కాళ్లనూ దాటుకొని రెండు పక్కలకూ కొంచెం బయటికి వస్తాయి. ఆ చివరలను నిలువు గీతలు కలుపుతాయి. గీతలు కలిసే చోట్లు కొన దగ్గర 1, మూడు అడ్డగీతల మీద 18, అడుగున 4, మొత్తం 23. సాధారణంగా ఒక పులి కొన మీద, మిగతా రెండూ దాని కిందనే మొదటి అడ్డగీత మీద కూర్చుంటాయి. మేకలు మొదట గీత మీద ఉండవు. ఒక్కో ఎత్తుకు ఒక్కో మేకను దించాలి. 15 మేకలూ దిగేదాకా దించిన మేకను కదపకూడదు. పులులు మాత్రం మొదటి నుంచీ కదులుతాయి. పక్క చోట మేక ఉండి, అదే గీత మీద దాని వెనక చోటు ఖాళీగా ఉంటే పులి దాని మీదుగా దూకి తినేస్తుంది. నియమాలు ఇంతే. అయిదు నిమిషాల్లో చెప్పేయొచ్చు. బొగ్గుముక్కతో అరుగు మీద గీసుకోవచ్చు. పులులకు మూడు రాళ్లు, మేకలకు చింతగింజలు చాలు. చింతచెట్టుకు కరువులేని ఈ సీమలో మేకల మంద దొరకని పల్లె ఉండదు.

తేలికగా నేర్చుకోగలిగినంత మాత్రాన తేలికగా గెలవొచ్చని కాదు. అందుకు సాక్ష్యం గీతలోనే ఉంది. ఒక్క మేకా చావకుండా 15 మేకలూ దిగితే, 23 చోట్లలో 18 నిండిపోయి 5 మాత్రమే ఖాళీగా మిగులుతాయి. పులికి కావలసింది ఖాళీ, మేకకు కావలసింది ఖాళీ లేకపోవడం. అందువల్ల ప్రతి మేకా దిగుతూనే పులికి ఎరగా కనిపిస్తుంది, ఆ పులి దూకే దారినీ కొంత మూస్తుంది. ఇంకో లెక్క చూద్దాం. గీతలు ఆగిపోయే మూలల్లో నిలిచిన మేకను దాటి దూకడానికి అవతల చోటే ఉండదు. అలాంటి భద్రమైన చోట్లు 7: కొన, పక్కలకు పొడుచుకొచ్చిన గీతల నాలుగు మూలలు, అడుగు గీత రెండు చివరలు. కొన మొదట పులిదే కాబట్టి చేతికందేవి 6. కొత్తగా ఆడేవాళ్లు మేకలన్నింటినీ మూలల్లోకి నెడతారు. అది తెలివైన పనే, కానీ 6 మేకలతో ఆ భద్రత అయిపోతుంది. మిగతా 9 మేకలు తినబడగల చోట్లలోనే నిలవాలి. వాటిని కాపాడేది వెనక నిలిచిన ఇంకో మేకే. ఎప్పుడు ఏ మేక వెనక ఏ మేకను నిలపాలి, ఏ మేకను పులికి వదిలేసి దాన్ని దూరంగా లాగాలి అన్నదే ఆట. 15 మేకలూ గీత మీద ఉన్నప్పుడు పావులు నిలవగల విధాలు 2 కోట్ల 74 లక్షలకు పైగా ఉంటాయి. మేకలు దిగుతున్నప్పుడూ చస్తున్నప్పుడూ ఉండే అమరికలన్నీ కలిపితే ఈ లెక్క 184 కోట్లు దాటుతుంది. చదరంగం ముందు ఇది చిన్న సంఖ్యే. కానీ అరుగు మీద కూర్చున్న ఇద్దరిలో ఎవరూ దాన్ని బట్టీ పట్టలేరు.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం ఉంది. నేర్పుగా ఆడితే మేకలదే పైచేయి అంటారు అనుభవమున్నవారు. మరి ఒక పక్షానికి మొగ్గున్న ఆట న్యాయమైనదా? మొదటి జవాబు ఆచారంలోనే ఉంది. ఒక ఆట అయ్యాక పక్షాలు మార్చుకుంటారు. రెండు ఆటల్లో ఎవరు తక్కువ మేకలను పోగొట్టుకున్నారో చూస్తే సరిపోతుంది. రెండో జవాబు దగ్గరి చుట్టాల నుంచి వస్తుంది. నేపాల్ వాళ్ల బాఘ్‌చాల్ కూడా పులి–మేక ఆటే. అక్కడ 25 చోట్లు, 4 పులులు, 20 మేకలు. ఇద్దరూ తప్పు చేయకుండా ఆడితే అది డ్రా అవుతుందని లిమ్ యూ జిన్, యుర్గ్ నీవర్గెల్ట్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్తలు లెక్కగట్టి చూపారు. మన దాడి ఆటకు తోబుట్టువైన తొమ్మిదేసి పావుల ఆట కూడా డ్రాయే అవుతుందని 1993లో రాల్ఫ్ గాసర్ తేల్చాడు. ఏ పండితుడూ కూర్చుని తూచకపోయినా, తరతరాలుగా ఆడినవాళ్లు పావుల సంఖ్యనూ గీతనూ సవరిస్తూ తక్కెడను సమానం చేశారని ఈ ఫలితాలు సూచిస్తున్నాయి. ఒక పక్షం సులభంగా గెలిచే ఆటను రెండో రోజు ఎవరూ ఆడరు. తరాలు దాటి మిగిలిందంటే అందులో పోరు ఉన్నట్టే.

పులిజూదం చరిత్ర రాయడానికి కావ్యాలు పెద్దగా సాయపడవు. రాతలో నిలిచినది చదరంగం. 12వ శతాబ్దంలో కల్యాణి చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుని మానసోల్లాసంలో రాజవినోదాల నడుమ చదరంగానికి చోటుంది. కృష్ణదేవరాయలతో చదరంగం ఆడిన బొడ్డుచర్ల తిమ్మన చాటుకథల్లో నిలిచిపోయాడు. రాయలతో ఆడిన ఆటను కవులు గుర్తుంచుకున్నారు, గొర్రెల కాపరులు ఆడుకున్న ఆటను గుర్తుంచుకోలేదు. ఈ లోటును పట్టించుకున్న కొద్దిమందిలో సురవరం ప్రతాపరెడ్డి ఒకరు. 1949లో వచ్చిన ఆంధ్రుల సాంఘిక చరిత్రలో తిండీ బట్టా పండుగల సరసన జనం ఆటలకూ ఆయన చోటిచ్చారు. చరిత్రంటే రాజుల వంశావళి అని నమ్మిన రోజుల్లో అది చాలా విలువైన పని. మైసూరు వైపు చూస్తే, మూడవ కృష్ణరాజ ఒడెయరు (1794–1868) ఆటలంటే ప్రాణం పెట్టిన రాజు. ఆయన శ్రీతత్త్వనిధిలో కౌతుకనిధి అనే భాగం ఆటలకే అంకితం. అయితే ఆయన మనసు లాగినవి ఎక్కువగా క్లిష్టమైన పటాలు. తేలికైన ఆటకు రాజాస్థానం అవసరం లేకపోయింది, ఆస్థానానికీ ఈ ఆటతో పని పడలేదు.

రాతలో లేనిది రాతి మీద ఉంది. హంపిలోనూ దక్షిణాది గుళ్ల మండపాల్లోనూ నేలబండల మీద ఆటల గీతలు చెక్కి కనిపిస్తాయి. వాటిని చూపి ఈ ఆట వేల ఏళ్ల నాటిదని చెప్పేవారున్నారు. ఈ మాటను జాగ్రత్తగా తీసుకోవాలి. బండ మీది గీత ఆ బండను పరిచిన నాటికంటే పాతది కాజాలదన్నది ఒక్కటే ఖాయం. ఆ తరవాత పదేళ్లకు చెక్కినా, మూడు వందల ఏళ్లకు చెక్కినా చూడటానికి ఒకేలా ఉంటుంది. గుడి వయసును ఆటకు అంటగట్టడం ప్రేమతో చేసే పొరపాటే గానీ పొరపాటు పొరపాటే. ఇలాంటిదే ఇంకో ఊహ. మేకల మందలూ, చిరుతలు తిరిగే హార్స్‌లీ కొండలూ ఉన్న ఈ సీమలోనే ఆట పుట్టి ఉంటుందని అనిపించడం సహజం. కానీ ఐరోపాలో ఒక నక్కను బాతుల గుంపు చుట్టుముట్టే ఆట ఉంది. కొద్ది బలవంతులు, ఎక్కువమంది బలహీనులు అనే పద్ధతి అనేక దేశాల్లో ఉందని హెచ్.జె.ఆర్. మర్రే 1952లో ప్రచురించిన బల్లాటల చరిత్రలో వేటాడే ఆటలను ఒక కుటుంబంగా కూర్చి చూపాడు. పేర్లు ఏ ఊరికా ఊరు తన అడవి నుంచి తెచ్చుకుంటుంది. పులిజూదం విశిష్టతను పేరులో కాక నడకలో వెతకాలి. ఐరోపా ఆటలో బాతులన్నీ మొదటే బారులు తీరి ఉంటాయి, ఇక్కడ మేకలు ఒక్కొక్కటిగా దిగుతాయి. ఆట సగం దాకా సైన్యమే తయారు కాలేదు, శత్రువు అప్పటికే తిరుగుతున్నాడు. ఆ ఒక్క తేడా వల్ల మొదటి ఎత్తు నుంచే ఉత్కంఠ మొదలవుతుంది.

సరిహద్దుల విషయానికి వస్తే ఈ సీమ పరిపాలన పటం పదే పదే మారింది. 1911 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లాను ఏర్పరచినప్పుడు మదనపల్లె కడప జిల్లా నుంచి వచ్చి చేరింది. పుంగనూరు జమీందారీ సీమ. 1956లో భాషల ప్రకారం రాష్ట్రాలు ఏర్పడ్డాయి. 1960లో తిరుత్తణి మద్రాసు రాష్ట్రానికి పోయింది. పాఠశాల భాషా, కోర్టు భాషా, భూమి రికార్డూ ఈ మార్పులతో మారాయి. మేకల సంఖ్య మారలేదు. ఎందుకంటే ఆట నేర్వడానికి భాష అక్కర్లేదు, పక్కన కూర్చుని రెండు ఆటలు చూస్తే చాలు. ద్రావిడ భాషల తులనాత్మక అధ్యయనానికి 1997లో విశ్వవిద్యాలయం వెలసిన చోటు కుప్పమే. మూడు భాషల పల్లెల్లో ఆటల నియమాలను పక్కపక్కన పెట్టి నమోదు చేయడానికి అంతకంటే తగిన చోటు కనిపించదు.

పులిజూదం ఒంటరిది కాదు. వరసకు ఏడేసి చొప్పున రెండు వరసల్లో 14 గుంటలుండే వామనగుంటలు, పల్లెనోట ఓమనగుంటలు, తమిళుల పల్లాంగుళికీ కన్నడిగుల అళగుళిమణెకూ దగ్గరి చుట్టం. అది ఎక్కువగా ఇంటిపట్టున ఆడవాళ్లూ ఆడపిల్లలూ ఆడుకున్న ఆట. ఒక గుంటలోని గింజలను తీసి వరసగా పంచుకుంటూ పోవాలి, ఖాళీ గుంట ఎదురైతే దాని తరవాతి గుంట దక్కుతుంది. ఒకదానిలో ఒకటిగా గీసిన మూడు చతురస్రాల మీద ఆడే దాడిలో మూడు పావులు వరస కట్టినవారు ఎదుటివారి పావును తీసేస్తారు. ఈ మూడింటికీ ఇద్దరు చాలు, మూడింటికీ గింజలూ గులకరాళ్లే పావులు. గవ్వలు వేసే బారాకట్టకూ పచ్చీసుకూ వీటికీ ఉన్న పెద్ద తేడా ఏమిటంటే, వీటిలో అదృష్టానికి చోటు లేదు.

పెద్దల అనుమానం కూడా ఈ చోటే తీరాలి. జూదమన్న పేరుతో ఉన్నది పిల్లలకు నేర్పొచ్చా అని అడిగేవారున్నారు. పందెం కాస్తే ఏ ఆటైనా జూదమే అవుతుంది. ఆటలో మాత్రం పాచికలు లేవు, మూసిపెట్టిన ముక్కలు లేవు, ఇద్దరికీ అన్నీ కళ్లెదుటే ఉంటాయి. మన చట్టం కూడా ఈ విభజనను గుర్తించింది. రమ్మీ ప్రధానంగా నైపుణ్యంతో ఆడే ఆటని 1968లో ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన ఒక క్లబ్బు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 1974 నాటి ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టం కేవల నైపుణ్యపు ఆటలను తన పరిధి నుంచి తప్పించింది. పేక పంచడంలోని అదృష్టం కూడా లేని పులిజూదం ఈ కొలతకు రమ్మీకంటే ఎంతో సులువుగా నిలుస్తుంది.

సెల్‌ఫోన్లు వచ్చాక ఈ ఆటల పని అయిపోయిందన్నది చివరి అభ్యంతరం. రచ్చకట్టల మీద గీతలు తగ్గాయన్నది నిజమే, అది బాధ కలిగించే నిజం. ఆటతోపాటు ఒక వయసుమళ్లిన మనిషీ ఒక కుర్రవాడూ సమానంగా ఎదురెదురు కూర్చునే సందర్భమూ తగ్గింది. కానీ ఇద్దరు అరగంటలో ముగించగల తేలికపాటి ఎత్తుల ఆటల మీద మోజు ప్రపంచంలో పెరుగుతూనే ఉంది. 2001లో వచ్చిన హైవ్, 2014లో వచ్చిన ప్యాచ్‌వర్క్ లాంటివి ఇద్దరి కోసమే తయారైనవి. ఆ దారిలోనే చెన్నైలో 2002లో మొదలైన క్రీడా సంస్థ, మైసూరులో రామ్‌సన్స్ కళా ప్రతిష్ఠాన పాత ఆటలను పెట్టెల్లోకీ గుడ్డ పటాల మీదికీ తెచ్చాయి. ఊళ్లో గీత గీసి చూపేవారు లేని పట్నపు పిల్లలకు ఇది మేలే. అచ్చువేసిన నియమాల వల్ల ఒక చిన్న నష్టమూ ఉంది. పల్లెలో ఆట మొదలుపెట్టే ముందు ఇద్దరూ కొన్ని విషయాలు మాట్లాడుకుంటారు. ఎన్ని మేకలు పోతే ఓడినట్టు? పులి ఒకే ఎత్తులో రెండు మేకలను తినొచ్చా? పక్కన మేక దొరికితే తినే తీరాలా, వదిలేయొచ్చా? పెట్టె మీది కాగితంలో వీటికి ఒక్కో జవాబే ఉంటుంది. మదనపల్లె నుంచి కుప్పం దాకా అరుగుల మీద అవి తేలేది ఆడబోయే ఆ ఇద్దరి మధ్యనే, మొదటి మేక దిగకముందే.