శర్కర నుంచి సాకరిన్ దాకా



“షుగరు వచ్చిందండీ, అందుకే పంచదార మానేసి బెల్లం వాడుతున్నాం” అనే మాట మీరూ వినే ఉంటారు. “ఆ తీపి మాత్రలు కేన్సరు తెస్తాయట” అనే మాట దాని వెనకే వస్తుంది. ఈ రెండూ ఎంతవరకు నిజమో చూడాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి.

చోడవరం వాళ్ళకి తీపి సంగతి వేరే చెప్పాలా? గోవాడ సహకార చక్కెర కర్మాగారం మన పక్కనే. అనకాపల్లి బెల్లం మార్కెట్టు దేశంలోని పెద్దవాటిలో ఒకటి. అక్కడ చెరకు పరిశోధన 1913లోనే మొదలయింది. 2022లో మనం విశాఖపట్నం జిల్లాలోంచి అనకాపల్లి జిల్లాలోకి వచ్చాం. జిల్లా మారినా బెల్లం దిమ్మ మారలేదు లెండి.

మన సంస్కృతంలోని శర్కర అనే మాటే గ్రీకు, లాటిన్ భాషల్లోకి పోయి, చివరికి సాకరిన్ అనే పేరుకి మూలమయింది. సాకరిన్‌లో మాత్రం శర్కర ఇసుమంతైనా లేదు! 1879లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో ఫాల్‌బర్గ్ అనే ఆయన రాక్షసిబొగ్గు తారు నుంచి వచ్చే పదార్థాలమీద పనిచేస్తున్నాడు. రాత్రి భోజనానికి కూర్చుంటే రొట్టె తియ్యగా తగిలిందట. చెయ్యి సరిగా కడుక్కోలేదు మరి. మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళయితే ఊరుకునేవారా?

ఆ పొడి పంచదారకంటే సుమారు 300 రెట్లు తీపి. ఒంటికి పట్టదు, మూత్రంలో వెళ్ళిపోతుంది. ఇన్సులిన్‌ని 1921లో కనుక్కున్నారు. అంతకు ముందు మధుమేహం వచ్చినవాళ్ళకి తీపి రుచి చూడాలంటే ఇదే దిక్కు. దీన్ని నిషేధించాలని ఒక అధికారి పట్టుబడితే, ప్రెసిడెంటు థియోడర్ రూజ్‌వెల్ట్ ఆయనమీద మండిపడ్డాడు. మా డాక్టరు నాకు రోజూ ఇస్తున్నాడే అని! మొదటి ప్రపంచ యుద్ధంలో పంచదార కరువు రావడంతో సాకరిన్‌కి గిరాకీ పెరిగింది.

కేన్సరు భయానికి అసలు కారణం ఎలకలు. కెనడాలో ఎలకలకి విపరీతంగా తినిపిస్తే మూత్రాశయంలో కంతులు లేచాయి. 1977లో అమెరికా ప్రభుత్వం నిషేధిస్తామంది. షుగరు రోగులు గోలపెట్టారు. నిషేధం ఆగి, డబ్బామీద హెచ్చరిక మిగిలింది. ఆ కంతులు ఎలకల మూత్రం తీరువల్ల వచ్చినవనీ, మనిషికి ఆ లెక్క వర్తించదనీ తర్వాత తేలింది. 2000లో హెచ్చరిక కూడా తీసేశారు.

1965లో కనుక్కున్న ఆస్పర్టేమ్‌కీ ఇలాంటి చిక్కే వచ్చింది. 2023లో దాన్ని “కేన్సరు కారకం కావచ్చు” అనే జాబితాలో చేర్చారు. ఆ నెలలోనే మరో నిపుణుల సంఘం, శరీరం బరువు కిలోకి రోజుకు 40 మిల్లీగ్రాముల దాకా ఫరవాలేదన్న పాత మాటనే ఖాయం చేసింది. అయితే ఫినైల్‌కీటోన్యూరియా అనే పుట్టుకతో వచ్చే జబ్బున్న పిల్లలకి ఇది పనికిరాదు. బరువు తగ్గడానికి ఇలాంటి తీపులమీద ఆధారపడవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ ఏడే చెప్పింది. ఆ సలహా ఇప్పటికే మధుమేహం ఉన్నవాళ్ళని ఉద్దేశించింది కాదు.

ఇక మన బెల్లం. మా వీధిలో ఒక పెద్దావిడ పంచదార ముట్టదు. కాఫీలో బెల్లం, సాయంత్రం బెల్లం పరమాన్నం. “చెట్టునుంచి వచ్చిందే కదమ్మా” అంటుంది. రక్తపరీక్ష చేయిస్తే అంకె దిగదు. దిగదు మరి! బెల్లంలో నూటికి 80 పాళ్ళకి పైన చక్కెరలే. కొంచెం ఇనుము, కొన్ని ఖనిజాలు ఉన్న మాట నిజమే. ఆ కొంచెం కోసం షుగరు ఉన్నవాళ్ళు అచ్చులకి అచ్చులు తినడం నాకైతే ప్రమాదంగానే కనిపిస్తుంది.

పైగా తెల్లటి, పసుపుపచ్చటి బెల్లానికి మార్కెట్లో మంచి ధర. రంగు కోసం పెనంలో హైడ్రోస్ అనే మందు వేస్తారు. దానివల్ల గంధకం అవశేషాలు మిగులుతాయి, ఉబ్బసం ఉన్నవాళ్ళకి పడవు. కొట్లో అడిగి నల్లటి దిమ్మే తీసుకోండి. రోజుకు 2,000 కాలరీలు తినేవారికి పైనుంచి వేసుకునే తీపి 50 గ్రాములు దాటకూడదని 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. 25 లోపు అయితే మరీ మంచిదట. తేనె, బెల్లం కూడా ఆ లెక్కలోవే.