తెరకెక్కిన ఇంటిగుట్టు

1983లో హైదరాబాద్‌లో ఒక తెలుగు సినిమా తయారైంది. నలుపు తెలుపు, నిడివి 25 నిమిషాలు. పేరు ‘ఇది కథ మాత్రమేనా’. పెళ్లయి కాపురానికొచ్చి, నాలుగు గోడల మధ్య హింసను భరిస్తూ, ఎవరితోనూ చెప్పుకోలేక లోలోపలే కుంగిపోయే మధ్యతరగతి ఇల్లాలి గోడు అందులో ఉంది. మన సినిమా చరిత్ర మీద వచ్చిన పుస్తకాలు ఎన్ని తిరగేసినా నాకీ పేరు కనిపించలేదు. ఆ ఏడాది విడుదలైన మామూలు సినిమాలకు కూడా వాటిలో చోటుంది. దీనికి లేకపోవడం మన చరిత్రకే లోటని నా గట్టి నమ్మకం.

తీసినవాళ్లు ‘యుగాంతర్’ అనే చిన్న బృందం. 1980లో బెంగళూరులో దీపా ధన్‌రాజ్, ఆభా భయ్యా, మీరా రావు, ఛాయాగ్రాహకుడు నవ్‌రోజ్ కాంట్రాక్టర్ కలిసి మొదలుపెట్టారు. నవ్‌రోజ్ అంతకుముందే మణి కౌల్ ‘దువిధా’కు కెమెరా పట్టినవాడు. అప్పటికి ఎమర్జెన్సీ ముగిసి మూడేళ్లయింది. పోలీసుల కస్టడీలో రమీజాబీ మీద జరిగిన అత్యాచారం, ఆమె భర్త మరణంతో 1978లో హైదరాబాద్ భగ్గుమంది. పోలీస్ స్టేషన్‌లో అత్యాచారానికి గురైన మధుర అనే అమ్మాయి కేసులో పోలీసులను వదిలేస్తూ సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు మీద దేశమంతటా ఆడవాళ్లు వీధుల్లోకొచ్చారు. ఆ రోజుల్లోనే హైదరాబాద్‌లో ‘స్త్రీశక్తి సంఘటన’ అనే మహిళా సంఘం పుట్టింది. యుగాంతర్ బృందం తెలుగు సినిమా తీసింది ఈ సంఘంతో కలిసే.

డాక్యుమెంటరీ అంటే అప్పట్లో జనానికి తెలిసింది ఒక్కటే, ఫిల్మ్స్ డివిజన్ వార్తా చిత్రం. అసలు సినిమా పడేముందు హాల్లో తప్పనిసరిగా వేసేవారు. తెర మీద ఆనకట్టలు, నాట్లు వేసే కూలీలు, టీకా శిబిరాలు. వెనకనుంచి గంభీరమైన మగ గొంతు అన్నీ తానే చెప్పేసేది. ఆడవాళ్లు కనిపించేవారు గానీ వినిపించేవారు కాదు. కుటుంబ నియంత్రణ పథకానికి లబ్ధిదారులుగా, పంట దిగుబడికి సాక్ష్యంగా నిలబడి నవ్వేవారు. నీకేం కావాలని వాళ్లను అడిగే పద్ధతే లేదు.

యుగాంతర్ ఆ పద్ధతిని తిరగేసింది. 1981లో వచ్చిన మొదటి సినిమా ‘మోల్కరీణ్’, పుణేలో ఇళ్లల్లో అంట్లు తోమి, బట్టలుతికే పనిమనుషుల గురించి. 1980లో వాళ్లు తమంతట తామే పని మానేసి, జీతాలు పెంచమని, సెలవులివ్వమని సమ్మెకు దిగారు. తర్వాత సంఘం కట్టుకున్నారు. సినిమా పూర్తయ్యాక దాన్ని మొదట చూడాల్సింది వాళ్లలాంటి ఆడవాళ్లేనన్నది బృందం ఉద్దేశం. అందుకే 16 ఎం.ఎం. ఫిల్ము మీద తీశారు. ఆ ప్రొజెక్టరును బస్తీకైనా, యూనియన్ ఆఫీసుకైనా మోసుకుపోవచ్చు. గోడకు తెల్లటి దుప్పటి కడితే తెర సిద్ధం. సినిమా అయ్యాక మొదలయ్యే మాటలు కూడా సినిమాలో భాగమేనని వాళ్లు అనుకున్నారు. చిన్న సినిమాలు కావడానికి ఖర్చూ ఒక కారణం. 400 అడుగుల రీలు తిరిగేది 11 నిమిషాలే. ప్రతి అడుగూ డబ్బే కాబట్టి, కెమెరా తీసేముందు ఎంతో వినాలి, ఎంతో మాట్లాడుకోవాలి.

ఆ వినడం ఎలా ఉండేదో రెండో సినిమా ‘తంబాకు చాకిల ఊబ్ ఆలి’ (1982) చెబుతుంది. కర్ణాటక, మహారాష్ట్ర సరిహద్దులోని నిపాణి బీడీ పొగాకుకు పేరుపడ్డ ఊరు. అక్కడి ఫ్యాక్టరీల్లో పనిచేసే ఆడకూలీలతో బృందం నాలుగు నెలలు గడిపింది. గుంటూరు, చీరాల, ఒంగోలు వైపు పెరిగినవాళ్లకు పొగాకు గ్రేడింగ్ షెడ్ల సంగతి వేరే చెప్పనక్కర్లేదు. పొద్దస్తమానం నేలమీద కూర్చుని ఆకు వేరు చేసే ఆడవాళ్లు, ముక్కుపుటాలు మండించే ఘాటు, ఇంటికెళ్లి స్నానం చేసినా వదలని వాసన. నిపాణిలో బీడీ కోసం ఆకును పొడి చేస్తారు కాబట్టి దుమ్ము ఇంకా ఎక్కువ. అక్కడ దాదాపు 3,000 మంది ఆడకూలీలు యూనియన్‌గా ఏర్పడ్డారు. అంతవరకూ బయటివాళ్ల కళ్లబడని ఫ్యాక్టరీ లోపలికి కెమెరా వెళ్లింది. అంతకుముందు జరిగిన సమ్మె చిత్రీకరణకు అందలేదు గనక, కూలీలే దాన్ని కెమెరా ముందు మళ్లీ జరిపి చూపించారు. ఏది ఎలా జరిగిందో నిర్ణయించింది వాళ్లే, తమ కష్టాన్ని తమ నోటితో చెప్పుకున్నదీ వాళ్లే. మన దేశంలో డాక్యుమెంటరీ ఒక మెట్టు ఎక్కింది అక్కడేనని నేననుకుంటాను.

ఫ్యాక్టరీకి గేటుంటుంది, సమ్మెకో తేదీ ఉంటుంది. ఇంట్లో జరిగే హింసకు అవేవీ లేవు. మొగుడు చెయ్యెత్తే వేళకు అక్కడ కెమెరా ఎలా ఉంటుంది? నోరు విప్పిన మనిషి మొహం తెరమీద చూపిస్తే రేపు ఆమె ఆ గడపలోకి ఎలా వెళ్తుంది? హైదరాబాద్‌లో యుగాంతర్‌కూ, స్త్రీశక్తి సంఘటనకూ ఎదురైన చిక్కు ఇదే. అందుకని తమ అనుభవాలూ, తోటి ఆడవాళ్ల అనుభవాలూ కలబోసుకుని కథగా అల్లారు. రాసిపెట్టుకున్న డైలాగులు వల్లించకుండా, మాట్లాడుకుంటూనే సన్నివేశాలు పట్టారు. పేరులోని ప్రశ్న చూసేవాళ్లకు వేసిందే. ఇంటిగుట్టు బయటపెట్టకూడదని పుట్టింట్లోనూ అత్తింట్లోనూ నూరిపోసే మన సమాజంలో, ఆ గుట్టును ఆడవాళ్లే కూడబలుక్కుని తెరకెక్కించడానికి ఎంత గుండె ధైర్యం కావాలో ఊహించుకోండి. భర్త, అత్తింటివారు చూపే క్రూరత్వాన్ని నేరంగా గుర్తించిన 498-ఎ సెక్షను అమల్లోకొచ్చింది 1983 డిసెంబరులో. శరీరానికే కాదు, మనసుకు కలిగే హానిని కూడా ఆ సెక్షను లెక్కలోకి తీసుకుంది. దెబ్బలతో పాటు దిగులును, ఒంటరితనాన్ని కూడా హింసలో భాగంగా చూపించిన మన తెలుగు సినిమా కూడా ఆ ఏడాదిదే.

స్త్రీశక్తి సంఘటన అంతటితో ఆగలేదు. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న ఆడవాళ్లను వెతుక్కుంటూ వెళ్లి, వాళ్లు చెప్పిందంతా విని, 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ వెలువరించింది. పుస్తకం అందరికీ తెలుసు. అదే పట్టుదలతో తీసిన సినిమా మాత్రం మరుగున పడింది.

చిప్కో ఉద్యమం మీద తీసిన ‘సుదేశా’తో 1983లో యుగాంతర్ ప్రయాణం ముగిసింది. దీపా ధన్‌రాజ్ తర్వాత కూడా మన మధ్యకు వస్తూనే ఉన్నారు. 1984 నాటి హైదరాబాద్ మతకలహాల వెనక రాజకీయాన్ని ‘క్యా హువా ఇస్ షహర్ కో’లో పట్టుకున్నారు. 2018లో వచ్చిన ‘వియ్ హ్యావ్ నాట్ కమ్ హియర్ టు డై’ హైదరాబాద్ విశ్వవిద్యాలయ విద్యార్థి రోహిత్ వేముల మరణం తర్వాత ఎగసిన ఉద్యమం గురించి. 1991 నాటి ‘సమ్‌థింగ్ లైక్ ఎ వార్’ కుటుంబ నియంత్రణ పథకాన్ని ఆడవాళ్ల వైపునుంచి చూపింది. ఒకప్పుడు వార్తా చిత్రాల్లో నవ్వుతూ నిలబడ్డ లబ్ధిదారు అందులో నోరు తెరిచి మాట్లాడింది. నవ్‌రోజ్ 2023లో కన్నుమూశారు.

యుగాంతర్ సినిమాలను బాగుచేసి డిజిటల్ రూపంలోకి తెచ్చింది బెర్లిన్‌లోని ఆర్సెనల్ సంస్థ. పని మంచిదే. కానీ హైదరాబాద్ ఆడవాళ్లు తెలుగులో మాట్లాడిన సినిమాను కాపాడే పని జర్మనీ చేతికి వెళ్లిందంటే మనసు చివుక్కుమంటుంది. మన విశ్వవిద్యాలయాల్లో స్త్రీ అధ్యయన కేంద్రాలున్నాయి, ఊరూరా మహిళా కాలేజీలున్నాయి. ‘ఇది కథ మాత్రమేనా’ చూడ్డానికి సబ్‌టైటిళ్లు అక్కర్లేదు. 25 నిమిషాల సినిమా, ఆ తర్వాత మాట్లాడుకోవడానికి ఇంకో గంట. ఒక మధ్యాహ్నం చాలు.