విత్తనములోని చిట్టా: దాని తప్పొప్పులు

నంబులపూలకుంట పొలములలో వేరుసెనగను ఎరుగనివారు లేరు. ఆ ప్రాంతమువారు దానిని శెనక్కాయ అందురు. ఎఱ్ఱనేల, చాలీచాలని వాన, సాళ్ల నడుమ అక్కడక్కడ కంది: ఇదియే అక్కడి మెట్టసేద్యము. ఉమ్మడి అనంతపురము జిల్లాలో ఏటికి సగటున కురియు వాన 550 మిల్లీమీటర్ల ప్రాంతము. ఊడలు దిగు వేళ ఆ వాన కాస్తయు మొగము చాటువేసినచో రైతు పెట్టుబడియు, కష్టమును మట్టిపాలగును. అందుచేత ఏ రకము విత్తవలెనన్నది అచ్చటి కుటుంబములకు చిన్న ప్రశ్న కాదు. సమీపమున ఉన్న కదిరి పరిశోధనా స్థానమునుండి కదిరి-3, కదిరి-6, కదిరి లేపాక్షి వంటి రకములు వెలువడినది ఈ ప్రశ్నకు సమాధానముగనే.

నేడు కొత్త రకమును రూపొందింపబూనిన శాస్త్రజ్ఞుడు పొలములోనే కాక మరియొక చోట కూడ వెదకును. అది ఇంటర్నెట్టులో ఎల్లరకును తెరచి ఉంచిన జన్యువుల చిట్టా. ఏ జన్యువు ఎక్కడ మొదలగును, ఎక్కడ ముగియును, దాని పని యేమి అని అందులో వ్రాయబడి ఉండును. ఆ వ్రాతను ఎంతవరకు నమ్మవచ్చును? ఈ ప్రశ్నకు ఉన్న చరిత్రను కొంత పాఠకులకు చెప్పదలచితిమి.

ముందుగా మన సీమకు తెలిసిన ఒక ఉదాహరణము. కదిరి ప్రాంతమునందే కటారుపల్లిలో వేమన సమాధి కలదు. వేమన పద్యములు నోటినుండి నోటికి, తాటియాకునుండి తాటియాకునకు ప్రాకినవి. వ్రాయసకాడు పద్యము చివర మకుటమును చూచెను. అది వేమన మకుటమైనచో పద్యమును వేమన ఖాతాలో చేర్చెను. ఆ మకుటముతో పద్యము అల్లుట ఎవరికైనను సాధ్యమే. ఒక ప్రతిలో చేరిన పద్యము దానిని చూచి వ్రాసిన పది ప్రతులలోనికిని ఎక్కును. చార్లెస్ ఫిలిప్ బ్రౌను దొర ఈ చిక్కును ఎదుర్కొనెను. పండితులను నియమించి, పలు ప్రతులను సేకరించి, ఒకదానితో ఒకటి పోల్పించి, 1829లో వేమన పద్యములను ఆంగ్లానువాదముతో ప్రచురించెను. మకుటము ఒక సాక్ష్యము మాత్రమే, తీర్పు కాదు. జన్యువుల చిట్టా విషయమునను జరిగినది ఇంచుమించు ఇదియే.

జీవకణములోని డి.ఎన్.ఎ. నాలుగే అక్షరములతో వ్రాసిన సుదీర్ఘలేఖ. పదముల నడుమ ఎడము లేదు, వాక్యము చివర చుక్క లేదు. మొక్కలలో ఒక్కొక్క జన్యువు తరచుగా తునకలై, నడుమ ఇతర భాగములతో కలసి ఉండును. కంప్యూటరు కొన్ని గుర్తులను బట్టి జన్యువు హద్దులను ఊహించును. పిమ్మట దానికి పేరు పెట్టవలెను. ప్రతి జన్యువునకును ప్రయోగము చేయుట సాధ్యము కాదు గనుక, మరియొక జీవిలో ఇదివరకే తెలిసిన జన్యువుతో పోలిక చూచి ఆ పేరునే దీనికిని తగిలింతురు. ఈ పోలికయే మనము చెప్పుకొన్న మకుటము.

మనము పండించు వేరుసెనగ దక్షిణ అమెరికాలోని రెండు అడవిజాతుల కలయికవలన పుట్టినది. వానిలో ఒకటైన అరాఖిస్ డ్యురానెన్సిస్ జన్యులేఖను 2016లో రెండు బృందములు వేరువేరుగ ప్రకటించినవి. రెండింటిలోను మన పటాన్‌చెరువులో 1972లో వెలసిన ఇక్రిశాట్ శాస్త్రజ్ఞులకు భాగము కలదు. మొదటి బృందము లెక్కించిన జన్యువులు 36,734. రెండవ బృందము లెక్కించినవి 50,324. ఎన్నుకొన్న మొక్కలు వేరైనను జాతి ఒక్కటే. తేడా మాత్రము పదమూడు వేలకు పైబడినది.

కంది కథయు వినదగినది. 2011లో ‘ఆశ’ అను ఒకే కంది రకముపై రెండు బృందములు పనిచేసినవి. ఇక్రిశాట్ నాయకత్వమున జరిగిన పనిలో 48,680 జన్యువులు తేలగా, మన దేశపు శాస్త్రజ్ఞుల మరియొక బృందము 47,004 అని చెప్పినది. ఇందులో ఎవరును అబద్ధమాడలేదు. చోటు మార్చుకొను శకలములను జన్యువులుగా లెక్కింపవలెనా, విరిగిన తునకను ఒకటిగా ఎంచవలెనా రెండుగానా, ఎంత సాక్ష్యమున్న చాలును అను విషయములలో ఒక్కొక్కరి పద్ధతి ఒక్కొక్క తీరు. మానవుని జన్యులేఖకే ఈ గతి పట్టినది. 2001లో ముప్పదినుండి నలుబది వేల వరకు ఉండవచ్చునని అంచనా వేసిరి; నేడు ప్రోటీనులను నిర్మించు జన్యువులు ఇరువది వేల ప్రాంతమని ఎంచుచున్నారు.

లెక్కకంటె పేరులో జరుగు పొరపాటు మరింత ప్రమాదకరము, ఏలయన అది పాకును. 1999లో స్టీవెన్ బ్రెన్నర్ అను శాస్త్రజ్ఞుడు ఒక అతిసూక్ష్మ జీవి జన్యువులకు మూడు బృందములు ఇచ్చిన వివరణలను పక్కపక్కనుంచి చూచెను. పోల్చదగిన 340 జన్యువులలో నూటికి ఎనిమిదికి తగ్గకుండ తప్పులు ఉండవలెనని తేల్చెను. బ్రౌను ప్రతులను పోల్చిన పద్ధతియే ఇదియు. 2009లో మరికొందరు ఎంజైముల 37 కుటుంబములను నాలుగు ప్రసిద్ధ చిట్టాలలో పరీక్షించిరి. మనుష్యులు ఒక్కొక్కటిగా సరిచూచిన స్విస్-ప్రాట్ చిట్టాలో తప్పులు లేనట్లే తోచినవి. తక్కినవానిలో కొన్ని కుటుంబములకు నూటికి ఎనుబదికి మించి పేరులు తప్పు. తప్పు పేరును చూచి మరియొకరు, వారిని చూచి ఇంకొకరు వ్రాసికొనిరి. పదిమంది వ్రాసిరి గనుక నిజమనుకొన్నచో, ఆ పదిమందియు ఒకే మూలమునుండి దించికొనినవారు కావచ్చును.

ఇది రైతునకు ఎట్లు తగులును? వేరుసెనగ నూనె గుణమును నిర్ణయించు జన్యువులలో ముఖ్యమైనది ఒక జంట: ఎఫ్.ఎ.డి.-2ఎ, ఎఫ్.ఎ.డి.-2బి. రెండడవిజాతులనుండియు ఒక్కొక్కటి వచ్చినది. అక్షరక్రమములో రెండును అచ్చుగ్రుద్దినట్లుండును. ఒకటి మారినంత మాత్రమున చాలదు; రెండును పనిచేయనప్పుడే నూనెలో ఓలియిక్ ఆమ్లము బాగుగ పెరుగును, కాయ త్వరగా ముక్కిపోదు. జునాగఢ్ పరిశోధనాలయమును ఇక్రిశాట్టును కలసి తెచ్చిన గిర్నార్-4, గిర్నార్-5 రకములు ఇట్టివే. చిట్టాలో ఈ కవలలను ఒకటిగా కలిపివేసినచో, లేదా ఒకదాని పేరు మరియొకదానికి పెట్టినచో, సంకరము చేయువాడు ఏ మొక్కను ఉంచవలెనో ఏది పెరికివేయవలెనో తెలియక తబ్బిబ్బగును. ఒక్కొక్క తరమునకు ఒక్కొక్క పంటకాలము పట్టు పనిలో అట్టి పొరపాటు ఎన్నో పంటకాలములను మ్రింగును. ఆ కాలము రైతు పొలమునకు కొత్త విత్తనము అందని కాలమే.

దిద్దుబాటును ప్రక్కనే సాగుచున్నది. 1986లో ఆమోస్ బైరోక్ ఆరంభించిన స్విస్-ప్రాట్టులో చదువరులైనవారు ప్రబంధములను చూచి వివరము వ్రాయుదురు. 1998లో మొదలైన జీన్ ఆంటాలజీ అను ఉమ్మడి పదకోశములో ప్రతి వివరణ ప్రక్కను సాక్ష్యపు గుర్తు ఉండును: ఇది ప్రయోగమున తేలినది, ఇది పోలికవలన ఊహించినది, ఇది కంప్యూటరు దానంతట అది వ్రాసినది, అని. 2020లో కొన్ని మానవ జన్యువుల పేరులనే మార్చిరి, ఏలయన లెక్కల పట్టికలు వ్రాయు కంప్యూటరు సాధనము వానిని మార్చి, సెప్టెంబరు నెలల తేదీలనుకొని తారుమారు చేయుచుండెను.

ఈ తప్పులు విని చిట్టాను పారవేయవలెనని మేము చెప్పుట లేదు. అది లేనిదే నేటి సస్యపరిశోధన ఒక్క అడుగైనను సాగదు. చిట్టాలో ఊహను ఊహగ, ప్రయోగమున తేలినదానిని తేలినదానిగ వ్రాయవలెననియే మా మనవి. ఊరి అడంగలులో పేరు తప్పుపడినచో రైతు ఊరకుండడు. ఏ కాగితము చూచి వ్రాసితిరని రెవెన్యూ అధికారులను అడిగి దిద్దించుకొనును. విత్తనములోని చిట్టా గురించియు అదే ప్రశ్న అడుగు హక్కు అతనికి కలదు. ఆ ప్రశ్నకు సమాధానము చిట్టాలో ప్రతి పేరు ప్రక్కను వ్రాసియుండుట శాస్త్రజ్ఞుల విధి.