వెస్టర్న్ రిజర్వ్: సుపీరియర్ సరస్సులో గాలింపు

వెస్టర్న్ రిజర్వ్ అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో 1890లో కట్టిన సరుకుల ఆవిరి ఓడ. పొడవు సుమారు 300 అడుగులు. ఉత్తర అమెరికా మహా సరస్సుల మీద పూర్తిగా ఉక్కుతో తయారై తిరిగిన తొలి ఓడల్లో ఇదొకటి. 1892 ఆగస్టు 30 రాత్రి సుపీరియర్ సరస్సులో మునిగింది. 2024 వేసవిలో సోనార్‌కు చిక్కింది.

ఆఖరి ప్రయాణంలో ఓడ సరుకు లేకుండా మిన్నెసోటాలోని టూ హార్బర్స్ రేవుకు వెళుతోంది. యజమాని పీటర్ మించ్ సరదా ప్రయాణమని భార్యాబిడ్డలను, బంధువులను వెంట తీసుకెళ్లాడు. వైట్‌ఫిష్ పాయింట్ అనే భూశిరం దాటాక తుఫానులో ఓడ నడిమికి విరిగింది. దింపిన రెండు పడవల్లో ఒకటి వెంటనే బోల్తాపడింది. రెండోది రాత్రంతా తేలి, ఒడ్డు ఇంకో మైలు ఉందనగా తిరగబడింది. 28 మందిలో బతికి బయటపడింది చుక్కాని పట్టే హ్యారీ స్టూవర్ట్ ఒక్కడే. ఓడ ఎలా మునిగిందో లోకానికి తెలిసింది అతని నోటి మాట ద్వారానే. ఎక్కడ మునిగిందో ఆ చీకట్లో చూసి గుర్తుపెట్టుకోవడం ఎవరి తరమూ కాదు.

సుపీరియర్ విస్తీర్ణం సుమారు 82,000 చదరపు కిలోమీటర్లు, గరిష్ఠ లోతు 406 మీటర్లు. అంత నీటిలో వెతకడానికి 1960లలో హెరాల్డ్ ఎడ్జర్టన్, మార్టిన్ క్లైన్ వంటి ఇంజినీర్లు తీర్చిదిద్దిన సైడ్ స్కాన్ సోనార్ దారి చూపింది. పడవ వెనక కేబుల్‌తో లాగే ఈ పరికరం రెండు పక్కలకూ ధ్వని తరంగాలు పంపుతుంది. ఇనుము గట్టిగా ప్రతిధ్వనిస్తుంది. దాని వెనక ధ్వని చేరని మేర తెరపై నీడగా పడుతుంది. వెతికేవాళ్లు వస్తువు కంటే నీడనే ఎక్కువ నమ్ముతారు. నీడ పొడవును బట్టి ఎత్తు లెక్కకట్టవచ్చు. పడవ మాత్రం పొలం దున్నినట్టు చాలు పక్కన చాలుగా తిరగాల్సిందే. 1975లో ఎడ్మండ్ ఫిట్జ్‌గెరాల్డ్ అనే ఓడ మునిగినప్పుడు నౌకాదళ విమానం ముందుగా చోటు పట్టింది కాబట్టి సోనార్ పని సులువైంది. వెస్టర్న్ రిజర్వ్‌కు అలాంటి ఆధారమేదీ లేదు.

గ్రేట్ లేక్స్ షిప్‌రెక్ హిస్టారికల్ సొసైటీ తరఫున డారిల్ ఎర్టెల్, ఆయన సోదరుడు డాన్ రెండేళ్లకు పైగా గాలించారు. పక్కకు అర మైలు దాకా చూసే సోనార్‌లో ఎడమవైపు చిన్న మచ్చ కనిపించింది. నీడను కొలిస్తే ఎత్తు 40 అడుగులు తేలింది. వెనక్కి వచ్చి సరిగ్గా పైనుంచి చూస్తే సరుకు గదుల మూతలు, ఒకదానిపై ఒకటి పడి ఉన్న రెండు సగాలు బయటపడ్డాయి. ఒక్కొక్కటి 150 అడుగులు. ఓడ రెండుగా విరిగిందని స్టూవర్ట్ చెప్పిన మాట నిజమని 132 ఏళ్ల తర్వాత రుజువైంది. వైట్‌ఫిష్ పాయింట్‌కు వాయవ్యంగా 60 మైళ్ల దూరాన, సుమారు 600 అడుగుల లోతులో ఉన్న శిథిలాన్ని రిమోట్‌తో నడిచే కెమెరా యంత్రం దింపి నిర్ధారించారు. ఓడ ఎడమ పక్క దీపం కూడా కనిపించింది. దానికి జోడీ అయిన కుడి పక్క దీపం ప్రమాదం జరిగిన రోజుల్లోనే ఒడ్డుకు కొట్టుకొచ్చింది. శిథిలం దొరికిన సంగతి 2025 మార్చిలో ప్రకటించారు.

ఓడ విరగడానికి అప్పటి ఉక్కు పెళుసుదనమే కారణమని చాలామంది అభిప్రాయం. వెస్టర్న్ రిజర్వ్‌ను తయారుచేసిన సంస్థే కట్టిన డబ్ల్యు.హెచ్. గిల్చర్ అనే ఓడ రెండు నెలలు తిరగకుండానే, 1892 అక్టోబరులో, మిషిగన్ సరస్సులో సిబ్బందితో సహా మునిగిపోయింది. ఆ తర్వాతే ఓడలకు వాడే ఉక్కును ముందుగా పరీక్షించాలన్న ఒత్తిడి పెరిగింది.