ఓటమి ఎరగని ఫిలడెల్ఫియా

ఇటలీలోని టురిన్ నగరానికి వెళ్లే ఫుట్‌బాల్ అభిమానుల్లో ఎక్కువ మంది జువెంటస్ స్టేడియం దారి పడతారు. నగరం దక్షిణ భాగంలో ఫిలడెల్ఫియా వీధిలో ఉన్న చిన్న మైదానానికి వచ్చేవాళ్లు తక్కువ. ఇప్పుడక్కడ పెద్ద మ్యాచ్‌లు జరగవు. టొరినో క్లబ్ జట్టు సాధన చేస్తుంది. కూర్చోడానికి చోటు సుమారు 4 వేల మందికే. అయినా ఇటలీ ఫుట్‌బాల్ చరిత్రలో దీనికున్న స్థానం మరే మైదానానికీ లేదు. ‘గ్రాండె టొరినో’ అని నేటికీ ఇటలీ తలుచుకునే మహాజట్టు ఆడింది ఈ నేల మీదే.

ఎర్ర ఇటుకల ముఖద్వారంతో నాటి క్లబ్ అధ్యక్షుడు ఎన్రికో మరోనె చింజానో కట్టించిన ఈ స్టేడియంలో 1926 అక్టోబరు 17న తొలి మ్యాచ్ జరిగింది. టొరినో 4-0తో గెలిచింది. అసలు వైభవం మాత్రం ఫెరూచ్చో నోవో అధ్యక్షుడయ్యాక మొదలైంది. 1942లో ఆయన వెనీజియా క్లబ్ నుంచి వాలెంటీనో మజ్జోలా, ఎజియో లోయిక్‌లను తీసుకొచ్చారు. ఆ సీజన్‌లోనే ఇటలీ లీగ్ టైటిల్ దక్కింది. రెండో ప్రపంచ యుద్ధం వల్ల లీగ్ ఆగి, మళ్లీ మొదలయ్యాక వరసగా మరో నాలుగు.

ఈ జట్టును తీర్చిదిద్దినవారిలో హంగరీకి చెందిన ఎర్నో ఎర్బ్‌స్టెయిన్ ముఖ్యుడు. ఆయన యూదుడు. 1938లో ముస్సోలినీ ప్రభుత్వం తెచ్చిన జాతి చట్టాల వల్ల ఇటలీ విడిచి వెళ్లాల్సి వచ్చింది. బుడాపెస్ట్‌లో నిర్బంధ శ్రమ శిబిరం నుంచి తప్పించుకుని ప్రాణాలు దక్కించుకున్నారు. యుద్ధం ముగిశాక మళ్లీ టురిన్ వచ్చి, తన జట్టు దగ్గరే చేరారు.

1943 జనవరి తర్వాత ఆరేళ్లకు పైగా సొంతగడ్డపై టొరినో ఒక్క లీగ్ మ్యాచ్ కూడా ఓడలేదు. 1947-48 సీజన్‌లో 40 మ్యాచ్‌ల్లో 125 గోల్స్ కొట్టింది. 1948 మే 2న అలెస్సాండ్రియా జట్టుపై 10-0తో నెగ్గింది. 1947 మే 11న హంగరీతో ఆడిన ఇటలీ జట్టు పదకొండు మందిలో పది మంది టొరినో వాళ్లే.

జట్టు ఎప్పుడైనా మందకొడిగా ఆడితే గ్యాలరీలోంచి బాకా మోగేది. ఊదే వ్యక్తి ఒరెస్తె బోల్మీదా అనే రైల్వే ఉద్యోగి. ఆ చప్పుడు వినగానే కెప్టెన్ మజ్జోలా చొక్కా చేతులు పైకి మడిచేవాడు. అక్కడి నుంచి పావుగంట పాటు ప్రత్యర్థికి ఊపిరి సలిపేది కాదు. జెర్సీల ముదురు ఎరుపు రంగు పేరు మీదుగా దానికి ‘గ్రనాతా పావుగంట’ అని పేరొచ్చింది. గ్యాలరీకీ జట్టుకూ మధ్య దూరమే లేని మైదానం అది.

1949 మే 3న లిస్బన్‌లో బెన్ఫికాతో స్నేహపూర్వక మ్యాచ్ ఆడి, మర్నాడు టొరినో తిరుగు ప్రయాణమైంది. దట్టమైన మబ్బుల్లో వారి విమానం టురిన్ పక్కనే ఉన్న సూపెర్గా కొండపై చర్చి వెనుక గోడను ఢీకొంది. 18 మంది ఆటగాళ్లతో సహా 31 మందిలో ఒక్కరూ మిగల్లేదు. మజ్జోలా, లోయిక్, ఎర్బ్‌స్టెయిన్ అందరూ పోయారు. ఇటలీకి రెండు ప్రపంచ కప్పులు తెచ్చిన కోచ్ విట్టోరియో పొజ్జో వెళ్లి, తాను పేరుపేరునా ఎరిగిన ఆటగాళ్ల మృతదేహాలను గుర్తించాల్సి వచ్చింది. అంతిమయాత్రకు ఐదు లక్షల మందికి పైగా జనం తరలివచ్చారు. మిగిలిన నాలుగు లీగ్ మ్యాచ్‌లకు టొరినో తన కుర్రాళ్లను దించింది. ప్రత్యర్థి క్లబ్బులూ కుర్రాళ్లనే ఆడించాయి. ఐదో టైటిల్ టొరినోదే అయింది. మరుసటి ఏడాది ప్రపంచ కప్‌కు ఇటలీ జట్టు విమానం ఎక్కకుండా ఓడలో బ్రెజిల్ వెళ్లింది.

1963 తర్వాత టొరినో లీగ్ మ్యాచ్‌లు పూర్తిగా మరో స్టేడియానికి తరలిపోయాయి. ఫిలడెల్ఫియా సాధనకే మిగిలి, పాడుబడి, 1997లో కూల్చివేతకు గురైంది. గ్యాలరీ తునకలు ఒకటి రెండు నిలిచాయి. చుట్టూ పిచ్చిమొక్కలు పెరిగాయి. కట్టడం పోయినా అభిమానులు స్థలాన్ని వదల్లేదు. ఏళ్ల తరబడి పోరాడారు. 2015 అక్టోబరు 17న, అంటే తొలి మ్యాచ్ జరిగిన తేదీనే, పునర్నిర్మాణానికి శంకుస్థాపన జరిగింది. 2017 మే 25న మైదానం మళ్లీ తెరుచుకుంది. పాత గ్యాలరీ తునకలను అలాగే ఉంచారు. అంచులు విరిగిన కాంక్రీటు మెట్లు కొత్త కట్టడం పక్కన కనిపిస్తాయి. ఆ మెట్ల మీద నుంచే ఒకప్పుడు జనం మజ్జోలాను పేరు పెట్టి పిలిచారు.

ఏటా మే 4న టొరినో కెప్టెన్ సూపెర్గా కొండపై ఆ 31 పేర్లూ చదువుతాడు. వేలమంది వింటారు. అది తప్పక చూడాల్సిన చోటే. కానీ కొండ చెప్పేది వాళ్లు ఎలా పోయారన్న కథ ఒక్కటే. ఎలా ఆడారో, ఎలా గెలిచారో, ఊరంతా ఎందుకు వాళ్లను తన బిడ్డలనుకుందో తెలియాలంటే మైదానమే కావాలి. ఫిలడెల్ఫియా కోసం అభిమానులు ఏళ్లపాటు పట్టుబట్టింది అందుకే. టురిన్ వెళ్తే ముందు ఫిలడెల్ఫియాకు వెళ్లండి, ఆ తర్వాతే కొండ ఎక్కండి. ఆ ఆటగాళ్లకు మరణం ఒక్క సాయంత్రంలో వచ్చింది. ఆట మాత్రం ఇక్కడ ఏళ్ల తరబడి సాగింది. వాళ్లను గుర్తుంచుకోవాల్సింది ఆ ఆటతోనే.