పెద్దమ్మాయి – సరిపోలేదు

మా ఇంట్లో ఒక లాంగ్ నోట్‌బుక్ ఉంది. అట్ట ఊడిపోతే అమ్మ పాత కేలండర్ కాగితం వేసి కుట్టింది. 1992 నుంచి 2009 దాకా మా తమ్ముడికి ఎక్కించిన ప్రతి రక్తం సీసా లెక్కా అందులో ఉంది. తేదీ, హిమోగ్లోబిన్ ఎంత, ఎన్ని యూనిట్లు, జ్వరమొచ్చిందా లేదా, ఖమ్మం నుంచి హైదరాబాద్‌కి బస్సు ఛార్జీ ఎంతయింది... పిహెచ్.డి. కోసం ఏళ్ళ తరబడి స్త్రీల ఆత్మకథలూ డైరీలూ చదివినదాన్ని, మా అమ్మ రాసిన ఈ పుస్తకాన్ని మొన్న మొన్నటిదాకా తెరవలేదు. తెరిచి, సిగ్గు లేకుండా ముందు నా పేరే వెతుక్కున్నాను. ఒక్కచోట కనిపించాను. పేరుతో కాదు. 1998 ఆగస్టు పేజీ అంచున చిన్న అక్షరాలతో, "పెద్దమ్మాయి – సరిపోలేదు."

తమ్ముడికి తలసేమియా. పది నెలల వయసులో తెల్లగా పాలిపోయి, పొట్ట ఉబ్బి ఉంటే తెలిసింది. ఈ జబ్బు గురించి మొదట వివరంగా రాసింది 1925లో అమెరికాలోని డెట్రాయిట్ డాక్టర్లు థామస్ కూలీ, పెర్ల్ లీ. 1932లో విపుల్, బ్రాడ్‌ఫర్డ్ దానికి సముద్రం అనే అర్థమున్న గ్రీకు మాటతో పేరు పెట్టారు. అప్పటికి తెలిసిన రోగులు మధ్యధరా తీరం కుటుంబాల పిల్లలు మరి. 1938లో కలకత్తాలోనూ ఒక కేసు నమోదైంది. సముద్రం మొహం ఎరగని మా ఇంట్లోకి ఆ పేరు 1992లో వచ్చింది.

ఈ చరిత్రంతా చదువుతుంటే నాకు తట్టిందేమిటంటే, చాలాకాలం ఇందులో ఆరోగ్యంగా ఉన్న మనుషులే లేరు. వాళ్ళవైపు శ్రద్ధగా చూసినవాళ్ళలో ముందు చెప్పుకోవాల్సింది 1940లలో రోమ్‌లో పనిచేసిన ఎజియో సిల్వెస్ట్రోనీ, ఈదా బియాంకో. ఏ జబ్బూ లేని బంధువుల రక్తం తీసి చూసి, వాళ్ళలోనూ ఈ గుణం దాగి ఉంటుందని తేల్చారు. తర్వాత బడిపిల్లలకి కూడా పరీక్షలు చేయించారు. ఈదా బియాంకో గురించి తెలిసినప్పుడు ఎంత సంతోషపడ్డానో! ఒక ఆడమనిషి, ఆరోగ్యంగా ఉన్న పిల్లని పిలిచి కూర్చోబెట్టింది కదా అని. ఆమె చూసింది కూడా రక్తాన్నేననుకోండి. అయినా నాకు ఆమె అంటే ఇష్టం.

అమ్మా నాన్నా ఇద్దరూ క్యారియర్లయితే ప్రతి కాన్పులోనూ పుట్టే బిడ్డకి జబ్బు వచ్చే అవకాశం 25 శాతం, క్యారియరయ్యే అవకాశం 50 శాతం. నేను ఆ 50లోదాన్ని. ఇక రెండో లెక్క మూలుగది. 1981లో సియాటిల్‌లో డొనాల్ థామస్ బృందం తోబుట్టువు ఎముక మూలుగని ఎక్కించి ఒక తలసేమియా బిడ్డని బాగుచేసింది. మన దేశంలో వేలూరులో 1986లో మొదలైంది. మూలుగ కలవడానికి తోబుట్టువైతే 25 శాతం అవకాశం. అంటే, ఏ పుస్తకంలోనూ చోటులేని అక్కాచెల్లెళ్ళు ఒక్కసారిగా అవసరమయ్యారు.

నాకప్పుడు పదేళ్ళు. రక్తం తీస్తుంటే ఏడవలేదు. కలవాలని ఎంత మొక్కుకున్నానో! తమ్ముడు బాగుపడాలనే మొక్కుకున్నానని ఇన్నాళ్ళూ చెప్పుకున్నాను. నిజమేమిటంటే అందరూ నావైపు చూడాలని. రిపోర్టు వచ్చిన రోజు నాన్న తమ్ముణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుని చాలాసేపు మాట్లాడకుండా ఉండిపోయాడు. నాకెవరూ ఏమీ చెప్పలేదు. వంటింటి గుమ్మంలో నిలబడి, ఏదో పరీక్ష తప్పాననుకున్నాను.

ఎక్కించిన రక్తంలోని ఇనుము గుండెలో, కాలేయంలో పేరుకుపోతుంది. దాన్ని తీసేయడానికి పొట్ట చర్మం కింద సూది పెట్టి, చిన్న పంపుతో 8 నుంచి 12 గంటలు మందు ఎక్కించాలి. వారానికి ఐదారు రాత్రులు. 1990ల మధ్యలో మన దేశంలో మాత్రలు వచ్చినా అవి తమ్ముడికి పడలేదు. పొడి మందుని నీళ్ళలో కలిపి, సీసా ఊపకుండా అరచేతుల మధ్య మెల్లగా తిప్పి కరిగించడం నా పని. ఆ పని నోట్‌బుక్‌లో లేదు.

2000లో నేను పెద్దమనిషినయ్యాను. వాళ్ళు హైదరాబాద్‌లో ఉన్నారు. అమ్మమ్మ చాప వేసి, ఇంత చిమ్మిలి పెట్టింది. బంతి లేదు, చీర లేదు. ఇప్పుడైతే ఆ తతంగం తప్పినందుకు సంతోషించాల్సినదాన్నే, అలాంటి వేడుకల మీద ఘాటుగా రాశాను కూడా. కానీ పక్కింటి పిల్లకి చేసిన పేరంటం చూసి పన్నెండేళ్ళ పిల్ల కుళ్ళి కుళ్ళి ఏడ్చిందంటే దానికి సిద్ధాంతం చెప్పలేను.

2020లో అహ్మదాబాద్‌లో ఒక అన్నకి పద్ధెనిమిది నెలల చెల్లెలు మూలుగ ఇచ్చింది. మూలుగ కలిసేలా ఎంచిన పిండం నుంచి పుట్టిన బిడ్డ. అందరూ మెచ్చుకున్నారు, నేనూ వార్త చదివి ఆ పిల్లాడి కోసం సంతోషపడ్డాను. తర్వాత ఆ పిల్ల గురించి ఆలోచిస్తూ ఉండిపోయాను. సరిపోయినదాని కథ నాకు తెలియదు, నాకు తెలిసింది సరిపోనిదాని కథ.

నోట్‌బుక్ సంగతి తమ్ముడితో ఫోన్‌లో చెప్పాను. వాడిప్పుడు విజయవాడలో ఉద్యోగం చేస్తున్నాడు, మూడు వారాలకోసారి రక్తం ఎక్కించుకుంటూనే. "అందులో నేను మాత్రం ఎక్కడున్నానక్కా? హిమోగ్లోబిన్ ఉంది," అన్నాడు. ఫోన్ పెట్టేశాక మళ్ళీ తిరగేశాను. 2003లో అమ్మకి గర్భసంచి ఆపరేషన్ అయింది. ఆ వారం పేజీలో రెండు యూనిట్లు, బస్సు ఛార్జీ, అంతే. దస్తూరీ మాత్రం నాన్నది.

సంక్రాంతికి వెళ్ళినప్పుడు, నేను పెద్దమనిషినైన తేదీ గుర్తుందా అని అమ్మని అడిగాను. పిండి కలుపుతూ, "ఇప్పుడెందుకే?" అంది. కాసేపాగి చెయ్యి కడుక్కుని వచ్చి, నోట్‌బుక్ అందుకుని 2000 సంవత్సరం తీసింది. వేలితో ఒక్కొక్క వరసా చూసుకుంటూ వచ్చి జూలై దగ్గర ఆగింది. "వాడికి చలిజ్వరం వచ్చి రెండ్రోజులు ఎక్కువుండాల్సి వచ్చిందిక్కడ. అమ్మమ్మ ఫోన్ చేయించింది ఆ రాత్రే. అయితే పద్ధెనిమిదో తారీఖు," అంది.